ఉత్తరం దిక్కున డాలస్

హైదరాబాద్ నుంచి డాలస్‌కి దూరం ఏనాడైనా 14,400 కిలోమీటర్లే. ప్రయాణానికి పట్టే సమయమే ఏ రోజుకారోజు మారిపోతుంది. విజయవాడలో ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి డాలస్ పక్కనే ఉన్న ఫ్రిస్కోలో కొడుకింటి గడప తొక్కేదాకా సుమారు 35 గంటలు. అందులో నిజంగా దూరానికి ఖర్చయ్యేవి 16 గంటలే. మరి మిగతా 19 గంటలు ఎవరు తినేస్తున్నట్టు?

స్కూలు గోడకి వేలాడే ప్రపంచపటం మీద హైదరాబాద్ దగ్గర ఒక చుక్క, అమెరికాలోని డాలస్ దగ్గర ఇంకో చుక్క పెట్టండి. స్కేలు ఆనించి గీత గీయండి. ఆ గీత అరేబియా సముద్రం దాటుతుంది, సహారా ఎడారిని అడ్డంగా కోస్తుంది, అట్లాంటిక్ మహాసముద్రంలోకి దిగుతుంది, పడమటికే పోయి పోయి డాలస్ చేరుతుంది. ఆ గీత వెంటే విమానం నడిపితే ప్రయాణం దాదాపు 17,670 కిలోమీటర్లు అవుతుంది.

ఇప్పుడు గ్లోబు తీసుకుని అవే రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకోండి. దారం పడమటికి పోనే పోదు. ఉత్తరానికి తిరుగుతుంది, అదీ నిట్టనిలువుగా. హైదరాబాద్ నుంచి డాలస్‌కి అతి దగ్గరి దారి సరిగ్గా ఉత్తరం నుంచి ఐదు డిగ్రీలు మాత్రమే పడమటికి ఒరిగి ఉంటుంది. దాని పొడవు సుమారు 14,400 కిలోమీటర్లు. గోడపటం గీతకంటే 3,200 కిలోమీటర్లకు పైగా తక్కువ.

తప్పు గోడపటానిది కాదు. దాన్ని గీసిన పద్ధతిని 1569లో మెర్కేటర్ అనే పటాల నిపుణుడు తయారు చేసింది నావికుల కోసం. దిక్సూచి చూపించిన దిక్కు మారకుండా ఓడ నడపడానికి ఆ పటం పనికొస్తుంది. దూరాలు కొలవడానికి పనికిరాదు. గుండ్రటి భూమిని చదునుగా పరిచినప్పుడు ధ్రువాల దగ్గరి ప్రాంతాలు సాగిపోతాయి. అందుకే ఉత్తరంగా వెళ్లే దగ్గరి దారి ఆ పటం మీద పెద్ద వంపులా, చుట్టుదారిలా కనిపిస్తుంది. విమానంలో సీటు ముందున్న తెర మీద దారి వంకర చూసి ‘వీడేంటి, ఇలా తిప్పుతున్నాడు?’ అనుకునేవాళ్లందరికీ జవాబు ఇదే.

కే2 శిఖరం పక్కనుంచి...

ఆ దారం వెంట ఏమేం వస్తాయో చూస్తే సరదాగా ఉంటుంది. శంషాబాద్‌లో లేచిన విమానం భోపాల్‌కి కాస్త తూర్పుగా వెళ్తుంది. ఢిల్లీ, నోయిడాల మీదుగా సాగుతుంది. హిమాలయాలు దాటి కారకోరం పర్వతాల్లో, ప్రపంచంలో రెండో ఎత్తయిన శిఖరం కే2 పక్కనుంచే పోతుంది. ఆ తర్వాత చైనాలోని షిన్‌జియాంగ్, కజకిస్థాన్, పశ్చిమ సైబీరియా. యమాల్ ద్వీపకల్పం పడమటి తీరం దగ్గర నేల ముగిసి కారా సముద్రం మొదలవుతుంది. ఫ్రాంజ్ జోసెఫ్ ల్యాండ్ అనే మంచు దీవుల్ని దాటి ఉత్తర ధ్రువానికి సుమారు 525 కిలోమీటర్ల దూరంలోంచి అవతలి పక్కకి దిగుతుంది. కెనడాలోని ఎల్స్‌మియర్ దీవి, హడ్సన్ అఖాతం పడమటి తీరం, అమెరికాలో మిన్నెసోటా, కేన్సస్, ఓక్లహామా... ఆ తర్వాత డాలస్.

భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యనైనా దూరం 20,000 కిలోమీటర్లకు మించదు. అంతకంటే దూరం పోవాలంటే భూమే ఉండదు. ఆ లెక్కన మనకీ డాలస్‌కీ మధ్య ఉన్నది భూమి మీద సాధ్యమైన గరిష్ఠ దూరంలో దాదాపు మూడొంతులు. గంటకి 900 కిలోమీటర్ల వేగంతో, ఎక్కడా ఆగకుండా పోతే 16 గంటలు. దూరం ఖాతాలో రాసుకోవాల్సింది ఇంతే.

ఇబ్బంది ఏంటంటే, ఆ దారిలో ప్రయాణికుల విమానం ఒక్కటీ ఈ రెండు ఊళ్ల మధ్య తిరగదు.

మొదటి అడ్డంకి కొండలే. పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఎగిరే విమానానికి 8,611 మీటర్ల కే2 తగులుతుందని కాదు. పైన ఎగురుతుండగా క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోయిందనుకోండి, పైలట్ వెంటనే పది వేల అడుగుల ఎత్తుకి, అంటే సుమారు మూడు కిలోమీటర్లకి దిగిపోవాలి. నెత్తి మీంచి జారిపడే ఆక్సిజన్ మాస్కులు చాలా విమానాల్లో పన్నెండు నుంచి ఇరవై నిమిషాల వరకే పనిచేస్తాయి. కింద ఏడెనిమిది వేల మీటర్ల కొండలుంటే దిగేదెక్కడికి? అందుకే కారకోరం, టిబెట్ ప్రాంతాల మీద విమానాల రాకపోకలు చాలా పలచగా ఉంటాయి. దారాన్ని అక్కడే పక్కకి లాగాల్సి వస్తుంది.

గల్ఫ్ మలుపు

కాబట్టి మనవాళ్లు వెళ్లేది మలుపు తిరిగే. ఎక్కువమంది దుబాయ్, దోహాల మీదుగా, కొంతమంది లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌ల మీదుగా. హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, నాలుగు గంటలు. దుబాయ్ నుంచి డాలస్ 12,940 కిలోమీటర్లు, సుమారు పదహారు గంటలు. మొత్తం 15,490. దోహా మీదుగా అయితే సుమారు 15,670. లండన్ మీదుగా 15,400. ఎటు తిరిగినా తిన్నటి దారి కంటే వెయ్యి నుంచి 1,300 కిలోమీటర్లు మాత్రమే ఎక్కువ. విమానం లెక్కలో గంటా గంటన్నర పని.

అంటే చుట్టుదారి వల్ల పోతున్న సమయం మనం అనుకున్నంత లేదు. దుబాయ్ నుంచి డాలస్ వెళ్లే దారి కూడా గ్లోబు మీద చూస్తే ఉత్తరానికి ఎక్కేదే. ఇరాన్, కాకసస్, స్కాండినేవియా, గ్రీన్‌ల్యాండ్, కెనడాల మీదుగా వంపు తిరుగుతుంది. రెండు విమానాల మధ్య రెండు నుంచి నాలుగు గంటల ఎదురుచూపు కలిపితే టికెట్ మీద 22 నుంచి 24 గంటలని కనిపిస్తుంది.

ఆ టికెట్ మీది అంకెలో ఇంకో కిటుకుంది. అది గాల్లో ఉండే సమయం కాదు. గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా లెక్కేస్తారు. విమాన సంస్థలు దాన్ని బ్లాక్ టైమ్ అంటాయి. రన్‌వే వైపు పాకడం, వరసలో నిలబడటం, దిగే ముందు ఊరి చుట్టూ చక్కర్లు కొట్టడం అన్నీ అందులోనే. కాస్త ఎక్కువే రాసుకుంటారు కూడా. పైలట్ ‘ఇరవై నిమిషాలు ముందే దిగుతున్నాం’ అని మైకులో చెప్పి మెప్పు పొందేది ఆ ఎక్కువ రాసుకున్న నిమిషాల్లోంచే.

గాలి చేసే పద్దు

2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఒక ప్రయోగం చేసింది. అప్పటిదాకా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో విమానం పడమటికి, అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. సుమారు 13,900 కిలోమీటర్లు. దాన్ని తూర్పుకి తిప్పి పసిఫిక్ మీదుగా నడిపారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది. చేరడానికి పట్టింది పద్నాలుగున్నర గంటలు. పాత దారికంటే దాదాపు రెండు గంటలు తక్కువ! పద్నాలుగు వందల కిలోమీటర్లు అదనంగా తిరిగి మరీ ముందే చేరారు.

ఆ రెండు గంటలు మిగిల్చింది జెట్ స్ట్రీమ్. విమానాలు ఎగిరే ఎత్తులోనే పడమటి నుంచి తూర్పుకి నది పారినట్టు పారే గాలి అది. మామూలుగా గంటకి వంద, రెండు వందల కిలోమీటర్లు. చలికాలంలో ఒక్కోచోట మూడు వందలు దాటుతుంది. ఆ గాలి వెనకనుంచి నెడితే విమానం నేల మీద లెక్కలో గంటకి వెయ్యి కిలోమీటర్లు దాటేస్తుంది. ఎదురు తగిలితే ఏడు వందలకి పడిపోతుంది. ఇంజిన్ చేసే పని మాత్రం రెండుసార్లూ ఒకటే. 2020 ఫిబ్రవరిలో ఒక తుపాను రోజున బ్రిటిష్ ఎయిర్‌వేస్ జంబో జెట్ ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. తిరుగుప్రయాణానికి మామూలుగా పట్టేది ఏడు గంటలకు పైనే. దుబాయ్ నుంచి డాలస్‌కి పదహారు గంటలు పట్టే ప్రయాణం తిరిగి వచ్చేటప్పుడు పద్నాలుగున్నరకి తగ్గేదీ ఈ గాలి పుణ్యమే.

ఈ గాలిని మొదట శ్రద్ధగా కొలిచినవాడు వాసబురో ఓయిషి అనే జపాన్ వాతావరణ శాస్త్రవేత్త. 1920లలో బెలూన్లు వదిలి, అవి పైన ఎంత వేగంగా కొట్టుకుపోతున్నాయో లెక్కలు రాసుకున్నాడు. ప్రపంచమంతా చదవాలన్న ఆశతో 1926లో ఆ నివేదికని ఎస్పెరాంటోలో ప్రచురించాడు. అందరి భాష కావాలని పుట్టించిన ఆ భాష ఎవరికీ రాదు కాబట్టి ఎవరూ చదవలేదు. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ మీదికి వెళ్లిన అమెరికా బాంబర్ల పైలట్లు ఎదురుగాలికి విమానం ముందుకి కదలకపోవడం చూసి బిత్తరపోయారు.

ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక పిల్లాడు అడిగే ప్రశ్న ఒకటుంది. ‘భూమి తిరుగుతోంది కదా, విమానం పైకి లేచి అక్కడే ఆగితే డాలస్ దానంతటదే కిందకి వచ్చేయదా?’ రాదు. భూమితో పాటు గాలీ తిరుగుతోంది, ఆ గాల్లో ఉన్న విమానమూ తిరుగుతోంది. నడుస్తున్న రైలు పెట్టెలో ఎగిరి గంతేస్తే వెనక పెట్టెలో పడం కదా! విమానానికి కలిసొచ్చేదీ కలిసిరానిదీ భూమితో పాటు తిరగగా మిగిలిన గాలి వేగమే.

ఆకాశానికి కంచెలు

గాలి రేపటికి మారుతుంది. ప్రభుత్వాలు అంత తొందరగా మారవు.

చలియుద్ధం రోజుల్లో సోవియట్ ఆకాశం పాశ్చాత్య విమానాలకి చాలావరకు మూసే ఉండేది. 1983లో ఫిన్‌ఎయిర్ హెల్సింకీ నుంచి టోక్యోకి ఆగకుండా విమానం నడిపినప్పుడు పక్కనే ఉన్న సైబీరియాని వదిలి, ఉత్తర ధ్రువం మీదుగా అలాస్కా వైపు చుట్టి వెళ్లింది. సోవియట్ యూనియన్ పోయాక దారులు తెరుచుకున్నాయి. 1998 జులైలో కాథే పసిఫిక్ విమానం న్యూయార్క్ నుంచి ధ్రువం మీదుగా, ఎక్కడా ఆగకుండా హాంకాంగ్ కొత్త విమానాశ్రయానికి చేరింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో కథ మళ్లీ మొదటికొచ్చింది. రష్యా ఆకాశం పాశ్చాత్య సంస్థలకి మూతపడటంతో ఫిన్‌ఎయిర్ మళ్లీ ధ్రువం దారే పట్టింది. తొమ్మిది గంటల హెల్సింకీ–టోక్యో ప్రయాణం పదమూడు గంటలకు చేరింది.

మన సంస్థలకి రష్యా దారి తెరిచే ఉంది. అందులో ఒక సుఖం, ఒక చిక్కు. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా విమానం ఇంజిన్‌లో లోపంతో రష్యా తూర్పు చివరనున్న మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. ఆ చిన్న ఊళ్లో అంతమందికి సరిపడా హోటళ్లు లేవు. బడిలో, హాస్టళ్లలో పడకలు వేశారు. ముంబయి నుంచి ఇంకో విమానం వెళ్లి జూన్ 8న వాళ్లని అమెరికా చేర్చింది. దగ్గరి దారి ఎంచుకోవడం అంటే ఆ దారి కింద ఏ ఊరుందో కూడా చూసుకోవడం.

తర్వాతి దెబ్బ పడమటి నుంచి తగిలింది. పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్ 24న పాకిస్థాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకి మూసేసింది. ఢిల్లీ నుంచి బయల్దేరే విమానాలు దక్షిణానికి దిగి అరేబియా సముద్రం మీదుగా చుట్టాల్సి వచ్చింది. ఉత్తర అమెరికా విమానాలు కొన్ని వియన్నాలో ఆగి ఇంధనం నింపుకొన్నాయి. ఢిల్లీ–వాషింగ్టన్ విమానాన్ని ఎయిర్ ఇండియా ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఆపేసింది. పాకిస్థాన్ మూత, అప్పటికి కొన్ని విమానాలు మరమ్మతుల్లో ఉండటం, రెండూ అందుకు కారణాలు. పాకిస్థాన్ మూత పడి రెండు నెలలు తిరక్కుండానే, 2025 జూన్ 23న ఖతార్ కొన్ని గంటలపాటు తన ఆకాశాన్ని మూసేసింది. దోహా మీదుగా వెళ్లాల్సిన విమానాలు ఎక్కడివక్కడ చెల్లాచెదురయ్యాయి. ఏ గొడవలతోనూ సంబంధం లేని తెలుగు కుటుంబాలు ఎయిర్‌పోర్టు కుర్చీల్లో రాత్రుళ్లు గడిపాయి.

నాన్‌స్టాప్ వచ్చింది, వెళ్లింది

‘హైదరాబాద్ నుంచి అమెరికాకి నేరుగా విమానం ఎందుకు లేదు?’ అనేది తెలుగు సంఘాల ప్రతి సభలోనూ వినిపించే మాట. నిజానికి ఒకటుండేది. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకి నాన్‌స్టాప్ మొదలుపెట్టింది. వారానికి ఒక్కసారి, 238 సీట్ల బోయింగ్ 777. సుమారు 13,280 కిలోమీటర్లు. ఎక్కువ కాలం నిలవలేదు.

అదే వారంలో మొదలైన బెంగళూరు–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అందరూ మహిళా పైలట్లే నడిపారు. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో జనవరి 9 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో లేచి, ఉత్తర ధ్రువం మీదుగా సుమారు పదిహేడు గంటలు ఎగిరి, 11 తెల్లవారుజామున బెంగళూరులో దిగారు. ఆ దారిలో విమానం నడపాలంటే నిబంధనలు వేరు. ధ్రువం దగ్గర మామూలు దిక్సూచి పనికిరాదు. బయట చలికి రెక్కల్లోని ఇంధనం గడ్డకట్టకుండా కనిపెట్టుకుని ఉండాలి. అమెరికాలో వాడే జెట్ ఎ ఇంధనం మైనస్ 40 డిగ్రీల దగ్గర, మన దగ్గర వాడే జెట్ ఎ-1 మైనస్ 47 దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. మంచు మధ్య ఏదైనా ఊళ్లో దిగాల్సి వస్తే ప్రయాణికుల్ని ఎలా వెనక్కి తేవాలో ముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి. విమానం దిగి బయట పని చూడటానికి సిబ్బంది కోసం చలిని తట్టుకునే ప్రత్యేక సూట్లు రెండు విమానంలో ఉంచాలి.

ఇవన్నీ చేయగలరు, చేస్తున్నారు కూడా. విమానాలకీ ఆ శక్తి ఉంది. 2005 నవంబరులో బోయింగ్ 777-200 ఎల్‌ఆర్ హాంకాంగ్ నుంచి తూర్పు దిక్కుగా లండన్‌కి 21,602 కిలోమీటర్లు ఏకబిగిన ఎగిరింది. 22 గంటల 42 నిమిషాలు. డాలస్ దానికి ఒక లెక్కా?

లెక్క డబ్బుల దగ్గర తేలడం లేదు. పదహారు గంటలకి సరిపడా ఇంధనం ఒకేసారి నింపుకుంటే, మొదటి సగం ప్రయాణం అంతా రెండో సగానికి కావాల్సిన ఇంధనాన్ని మోయడానికే సరిపోతుంది. మోసుకెళ్లే అదనపు బరువులో గంటకి మూడు నాలుగు శాతం దాకా ఆ బరువుని మోయడానికే కాలిపోతుందని ఒక స్థూలమైన అంచనా. అందుకే బరువు తగ్గించడానికి సీట్లు తగ్గిస్తారు, ఆ నష్టం పూడ్చడానికి ధర పెంచుతారు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2004లో మొదలెట్టిన న్యూయార్క్ ప్రాంతపు నాన్‌స్టాప్‌ని ఇంధనం ఖర్చు భరించలేక 2013లో ఆపేసి, తక్కువ తాగే ఎయిర్‌బస్ ఎ350 చేతికొచ్చాక 2018లో మళ్లీ తెచ్చింది. ఇప్పుడు సింగపూర్–న్యూయార్క్ మధ్య 15,300 కిలోమీటర్లకు పైగా సాగే ఆ విమానంలో సీట్లు 161. ఎకానమీ తరగతి అసలు లేదు. సిడ్నీ–లండన్ మధ్య దాదాపు 17,000 కిలోమీటర్లు ఆగకుండా నడపాలని ఆస్ట్రేలియా సంస్థ క్వాంటాస్ 2027 లక్ష్యంగా పెట్టుకుంది. అందులోనూ 238 సీట్లే.

మన దగ్గర్నుంచి అమెరికా వెళ్లేవాళ్లలో ఎక్కువమంది చదువుకోబోయే పిల్లలు, మనవల్ని చూడబోయే తాతయ్యలు, అమ్మమ్మలు. టికెట్ పదివేలు తక్కువైతే ఐదు గంటలు ఎక్కువ కూర్చోవడానికి సిద్ధపడేవాళ్లు. బిజినెస్ క్లాసు నిండితే గానీ గిట్టుబాటు కాని నాన్‌స్టాప్‌ని ఈ ప్రయాణికులతో నడపడం కష్టం. దుబాయ్, దోహా సంస్థలు ఇరవై ముప్పై ఊళ్ల జనాన్ని ఒక్కచోట పోగేసి ఒకే పెద్ద విమానంలో నింపుతాయి. అందుకే అవి గెలుస్తున్నాయి.

తారీఖుల మాయ

అర్ధరాత్రి దాటాక శంషాబాద్ డిపార్చర్ల ముందు నిలబడి చూడండి. ఒక కుటుంబం పెట్టె విప్పి నేల మీద పరిచి ఉంటుంది. బరువు 23 కిలోలు దాటింది. ఆవకాయ సీసాని ప్లాస్టిక్ కవర్లో, దాన్ని తువ్వాల్లో, దాన్ని చీరలో చుట్టి ఉంటారు. ఏది తీసేయాలో తేలదు.

“సున్నిపిండి తీసేయవే, అక్కడా దొరుకుతుంది.”

“అక్కడ దొరికేది సున్నిపిండేంటండీ? మీ పుస్తకాలు తీయండి ముందు.”

పక్కన ఫోన్‌లో కూతురు: “అమ్మా, దుబాయ్‌లో వీల్‌చెయిర్ అబ్బాయి వచ్చేదాకా సీట్లోంచి లేవకు. నాన్నని షాపులు చూడ్డానికి పంపించకు.”

ఈ దంపతులు విజయవాడలో ఆ సాయంత్రమే బయల్దేరారు. ఊరు దాటి, హైవే ఎక్కి, దారిలో భోజనానికి ఆగి, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్ చేరడానికి దాదాపు ఆరు గంటలు. అంటే 300 కిలోమీటర్ల లోపు దూరానికి ఆరు గంటలు, ఆ తర్వాత దుబాయ్ దాకా 2,550 కిలోమీటర్లకి నాలుగు గంటలు. విమానానికి నాలుగు గంటల ముందే వచ్చి కూర్చున్నారు. డాలస్‌లో ఇమిగ్రేషన్ వరస, పెట్టెల బెల్టు, ఆ తర్వాత ఫ్రిస్కోకో ఇర్వింగ్‌కో కారు ప్రయాణం కలిపి ఇంకో రెండు గంటలు. మొత్తం 35లో గాల్లో ఉండేది ఇరవై. పదిహేను గంటలు నేల మీదే పోయాయి.

గడియారం మాత్రం వీళ్లకి వేరే కథ చెబుతుంది. శనివారం తెల్లవారుజామున 4 గంటలకి శంషాబాద్‌లో ఎక్కి 23 గంటలు ప్రయాణిస్తే, చలికాలంలో డాలస్‌లో దిగేది అదే శనివారం మధ్యాహ్నం మూడున్నరకి. గడియారం లెక్కలో పదకొండున్నర గంటలే. తిరిగొచ్చేటప్పుడు డాలస్‌లో శనివారం మధ్యాహ్నం 12కి ఎక్కి 21 గంటల్లో వచ్చేసినా, హైదరాబాద్‌లో దిగేసరికి ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర. గడియారం ముప్పై రెండున్నర గంటలు తిరిగి ఉంటుంది. రెండు ఊళ్ల మధ్య తేడా చలికాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర. దాదాపు పగలు రాత్రి తారుమారు. శరీరం రోజుకి సుమారు ఒక గంట చొప్పున సర్దుకుంటుందని డాక్టర్లు చెబుతారు. కాబట్టి అసలు ప్రయాణం ముగిసేది ఇంటికి చేరిన పది రోజులకి, అమ్మమ్మ తెల్లారగట్ల మూడింటికి లేచి వంటింట్లో గిన్నెలు సర్దడం మానేసిన రోజున.

పెద్దవాళ్లని పంపిస్తున్నారా?

• రెండు విమానాల మధ్య గంటన్నర లోపు వ్యవధి ఉన్న టికెట్ తీసుకోవద్దు. మొదటిది కాస్త ఆలస్యమైతే రెండోది పోతుంది. రెండున్నర నుంచి నాలుగు గంటలు నయం.

• రెండు ప్రయాణాలూ ఒకే టికెట్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే, మొదటి విమానం ఆలస్యానికి రెండో సంస్థ పూచీ పడదు.

• అమెరికాలో మొదట దిగే ఊళ్లోనే ఇమిగ్రేషన్ ఉంటుంది. న్యూయార్క్‌లోనో షికాగోలోనో దిగి ఇంకో విమానం ఎక్కాలంటే, సాధారణంగా అక్కడే పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాలి. పెద్దవాళ్లకి నేరుగా డాలస్‌లో దిగే టికెట్ అయితే ఆ బాధ తప్పుతుంది.

• వీల్‌చెయిర్ కావాలని టికెట్ కొన్నప్పుడే రాయించండి. మందులు, డాక్టరు చీటీ, కొడుకు ఇంటి చిరునామా రాసిన కాగితం చేతిసంచిలోనే ఉండాలి.

• పచ్చళ్లు చెకిన్ పెట్టెలోనే. చేతిసంచిలో వంద మిల్లీలీటర్లకి మించిన ద్రవాలు, ముద్దలు ఒప్పుకోరు. ఎండుకొబ్బరిని, నూనె గుణం వల్ల మంటకి అంటుకుంటుందని, విమానంలోకి రానివ్వరు.

• క్యాబిన్ గాలిలో తేమ పది ఇరవై శాతమే. నీళ్లు తాగుతుండాలి. కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు దీర్ఘ ప్రయాణాల్లో ఎక్కువ. గంటా రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు వేయమనండి. రక్తపోటు, మధుమేహం, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందే డాక్టరు సలహా తీసుకోవాలి.

తగ్గించగలిగేది ఎక్కడ?

1960 మే 14న ఎయిర్ ఇండియా తొలి బోయింగ్ 707 లండన్ మీదుగా న్యూయార్క్ వెళ్లినప్పుడు అది గంటకి దాదాపు తొమ్మిది వందల కిలోమీటర్ల వేగంతోనే ఎగిరింది. ఇవాళ్టి విమానాలూ అదే వేగంతో ఎగురుతున్నాయి. మధ్యలో ధ్వని కంటే రెండింతల వేగంతో వచ్చిన కాంకార్డ్ 2003లో విశ్రాంతి తీసుకుంది. అదీ ఏడు వేల చిల్లర కిలోమీటర్లకి మించి ఆగకుండా పోలేదు. ఆరు దశాబ్దాల్లో విమానాలు నిశ్శబ్దమయ్యాయి, ఇంధనం తక్కువ తాగుతున్నాయి, భద్రత ఎన్నో రెట్లు పెరిగింది. వేగం మాత్రం అంగుళం కదల్లేదు. కాబట్టి దూరం ఖాతాలోని ఆ 16 గంటలు మన తరంలో తగ్గే సూచన లేదు.

తగ్గగలిగేవి మిగతా 19 గంటలే. వాటిలో విదేశాంగ శాఖల చేతుల్లో ఉన్నవి కొన్ని, గాలి చేతిలో ఉన్నవి కొన్ని. హైదరాబాద్ నుంచి మళ్లీ నాన్‌స్టాప్ వస్తే ఐదారు గంటలు మిగులుతాయి. అదీ రష్యా ఆకాశం తెరిచి ఉంటేనే, టికెట్ ధర భరించగలిగితేనే. కానీ విజయవాడ దంపతులు అంతకంటే ఎక్కువ గంటలు పోగొట్టుకున్నది రోడ్డు మీద, ఎయిర్‌పోర్టు కుర్చీల్లో. ఆంధ్రలోని విమానాశ్రయాల నుంచి రోజూ గల్ఫ్‌కి విమానం నడిస్తే చాలు, వాళ్లకి ఆరు గంటల రోడ్డు తప్పుతుంది. దానికి కొత్త ఇంజిన్ కనిపెట్టక్కర్లేదు, ధ్రువం దాటక్కర్లేదు. విజయవాడలో, విశాఖలో, తిరుపతిలో అడగాల్సిన డిమాండు అమెరికా నాన్‌స్టాప్ కాదు, దుబాయ్‌కో దోహాకో రోజువారీ విమానం. డాలస్ దగ్గరయ్యేది ముందు ఈ చివర నుంచే.